చెఱకు దీవిలో తెలుగు అక్షరము

దేశముల గొప్పతనము వాని వైశాల్యమునుబట్టి యుండునని సామాన్యముగా తలచుచుందుము. చరిత్ర యీ తలంపును పలుమాఱులు తలక్రిందులు చేసినది. 1763వ సంవత్సరమున పారిసు నగరమున సంధి కుదిరినప్పుడు ఫ్రాన్సు దేశము విశాలమైన కెనడాను ఇంగ్లండునకు వదలివేసి, కరేబియను సముద్రమందలి గ్వాడెలూపు, మార్టినీకు అను రెండు చిన్న దీవులను తిరిగి పుచ్చుకొని సంతోషించెను. ఆ రెండును గలిపినను మా సంగారెడ్డి జిల్లాపాటి లేవు. అయినను వానియందు చెఱకు పండుచుండెను. ఐరోపాలో పంచదార యిష్టపడు నోళ్లు ఏటేట హెచ్చుచుండెను. కావున మంచుతోను అడవులతోను నిండిన మహాదేశముకంటె రెండు చెఱకు దీవులే బరువుగా తూగినవి.

చెఱకు తక్కిన పైరులవంటిది కాదు. వరియైనను జొన్నయైనను కోసి కుప్పవేసి, తీరిక దొరకినప్పుడు నూర్చుకొనవచ్చును. చెఱకును కొట్టిన పిమ్మట ఒకటి రెండు దినములలో గానుగ కెక్కింపకున్న రసము చెడి, చక్కెర తగ్గిపోవును. కావున గానుగ పొలముచెంతనే యుండవలెను. పైరు పక్వమునకు వచ్చిన కొలది నెలలలో వేలకొలది చేతులు ఒక్కసారిగా పనిచేయవలెను. పనివాడు నడుమ లేచిపోరాదు. భూస్వామికి కూలివాని చేతులేకాక వాని కాళ్లును వశములో నుండవలెను. జమెయికా, బార్బడోసు, గ్వాడెలూపు దీవులలో ఆఫ్రికా ప్రజలను బానిసలుగా తెచ్చి నింపుటకు ముఖ్యకారణమిదియే. చెఱకు దీవుల భూగోళమును అర్థశాస్త్రమును విడదీసి చదువుట సాధ్యము కాదని మా నిశ్చయము.

ఆ కరేబియను ప్రాంతములకును మన దేశపు కూలీలు తరువాతి కాలమున పోయిరి. కాని తెలుగువారు పెద్ద సంఖ్యలో చేరి, తమ పేరును పండుగలను నేటివరకు నిలుపుకొన్న చెఱకు దీవి వేఱొకటి కలదు. అది హిందూ మహాసముద్రమందలి మారిషసు. కరేబియను దీవుల కథయే అక్కడ మఱల నడచినది. అయితే ఈ కథలోని పాత్రలలో మనవారును గలరు. అందువలన దానిని కొంత విపులముగా చెప్పదలచితిమి.

మారిషసు మడగాస్కరునకు తూర్పున సుమారు 500 మైళ్ల దూరమున నున్నది. దీని వైశాల్యము 720 చదరపు మైళ్లు మాత్రమే. సముద్రగర్భమునుండి అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన రాతితో ఈ దీవి యేర్పడినది. నడుమ పీఠభూమియు, దానిచుట్టును మొనదేలిన కొండలును, కొండలకు దిగువ సముద్రమువరకు వాలిన మైదానములును గలవు. కొండలలో మిక్కిలి యెత్తైనది 2,700 అడుగులకు కొంచెము పైబడి యుండును. తీరముచుట్టును పగడపు దిబ్బలు గోడవలె నిలిచి అలల తాకుడును ఆపుచుండును. ఆగ్నేయమునుండి వీచు వ్యాపార పవనములు పీఠభూమిపై విస్తారముగా వర్షించి, పడమటి తీరమునకు వచ్చుసరికి వట్టిపోవును. అందుచేత నడిమి భాగమున నూఱు అంగుళములకు మించి వాన కురియుచుండగా, పడమటి తీరమున మా నారాయణఖేడు ప్రాంతమునకంటె హెచ్చు వాన యుండదు.

ఈ దీవికి తుపానులు జన్మశత్రువులు. కాఫీ, లవంగము మొదలైన చెట్లను పెంపజూచినవారి శ్రమను గాలివానలు పలుమాఱులు నేలపాలు చేసినవి. చెఱకు మాత్రము గాలికి వంగి, గాలి పోయిన పిమ్మట మఱల లేచును. నేల కొరిగినను మోడునుండి మఱల చిగుర్చును. ఇంతటి యనుకూలత యుండినను నేల సిద్ధముగా లేదు. ఎక్కడ త్రవ్వినను నల్లరాయియే. ఆ రాళ్లను చేతులతో ఏరి, మోసి, పొలముల నడుమ గుట్టలుగా పేర్చి, వాని సందులలో చెఱకు నాటవలసి వచ్చెను. ఆ రాతిగుట్టలు నేటికిని పొలములలో కానవచ్చును. మన కూలీల పేరు చెక్కని శిలాశాసనములు అవియే యనదగును.

ఈ దీవికి మొదట మనుష్యులే లేరు. 1598లో డచ్చివారు దిగి తమ రాజకుమారుడైన మారిసు పేరు పెట్టిరి. చెఱకును మొదట తెచ్చినవారును వారే. డోడో అను ఎగురలేని పక్షి వారి కాలముననే నశించెను. 1710లో వారు దీవిని విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారు ఆక్రమించి ఫ్రాన్సు దీవియని పిలిచిరి. 1735లో వచ్చిన లాబూర్దొనె అను గవర్నరు పోర్టు లూయీ రేవును కట్టించెను. ఆ పనులకు పుదుచ్చేరినుండి శిల్పులను పిలిపించుటచేత దక్షిణ హిందూదేశపు చేతిపని అక్కడికి చేరెను. 1810లో ఇంగ్లీషువారు దీవిని జయించి, 1814 నాటి సంధిచేత స్థిరముగా గైకొనిరి.

అప్పటికి ఇంగ్లండు విపణిలో కరేబియను దీవుల పంచదారకు తక్కువ సుంకమును, మారిషసు పంచదారకు ఎక్కువ సుంకమును ఉండెను. 1825లో ఈ భేదమును తొలగించి రెంటికిని సమానసుంకము విధించిరి. లండనులో ఒక కాగితముపై జరిగిన యీ మార్పు దీవి రూపమునే మార్చివేసెను. అడవులు నఱకబడెను, తక్కిన పైరులు వెనుకబడెను, మూడు దశాబ్దములలో పంచదార యుత్పత్తి ఏటికి లక్ష టన్నులు దాటెను. ఆహారపు గింజలను ఓడలపై తెప్పించుకొని, ఒక్క చెఱకునే నమ్ముకొన్న దేశముగా మారిషసు మాఱినది.

ఇంతలో బానిసత్వము రద్దయ్యెను. 1835 ఫిబ్రవరి 1వ తేదీనుండి మారిషసులో సుమారు 66 వేలమంది బానిసలకు విముక్తి కలిగినది. నష్టపరిహారముగా ఇంగ్లండు ప్రభుత్వము సుమారు ఇరువది లక్షల పౌనులు చెల్లించెను. ఎవరికి? కొరడాదెబ్బలు తిన్నవారికి కాదు, కొట్టించిన యజమానులకు! విముక్తులైనవారికి దమ్మిడీయైనను ముట్టలేదు. వారు మఱికొన్ని యేండ్లు ఆ పొలములలోనే పనిచేయవలెనని నిర్బంధించిరి. 1839లో ఆ నిర్బంధమును తొలగగానే అనేకులు చెఱకు తోటను కన్నెత్తి చూడక వెడలిపోయిరి. ఆశ్చర్యమేమి?

యజమానులు అంతకుముందే హిందూదేశమువైపు చూచుచుండిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడలో కలకత్తానుండి 36 మంది కొండప్రాంతపు కూలీలు దిగిరి. ఇది మొదటి ప్రయోగము. అది మొదలు 20వ శతాబ్దారంభమువరకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు పోర్టు లూయీ మెట్లెక్కిరి. వారిలో మూడవ వంతుమంది మాత్రమే తిరిగివచ్చిరి. 1861 నాటికే దీవి జనాభాలో నూటికి అరువదిమందికి పైగా భారతీయులైరి. వారు దిగిన ఆ రేవు కట్టడమునకు నేడు ఆప్రవాసీ ఘాట్ అని పేరు. 2006లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకరించెను.

తెలుగువారెట్లు పోయిరి? గోదావరి సాగరసంగమమునకు చేరువనున్న కోరంగి ఆనాడు ఓడల నిర్మాణమునకును విదేశయాత్రకును ప్రసిద్ధమైన రేవు. అక్కడినుండి ఓడనెక్కి వచ్చినవారగుటచేత మారిషసులో తెలుగువారికందఱికిని కోరంగీలు అను పేరు స్థిరపడినది. రేవు పేరే జాతి పేరైనది. గోదావరి, విశాఖ, గంజాము మండలములనుండి పల్లెజనులు కదలిరి. కదలించిన కారణములును గొప్పవే. 1832-33లో నందననామ సంవత్సరమున గుంటూరు సీమను పాడుచేసిన కఱవును డొక్కల కఱవని మన పెద్దలు చెప్పుకొనిరి. 1839 నవంబరులో పెనుతుపాను కోరంగి రేవును ముంచివేసెను. దీనికి తోడు శిస్తుల భారమును, మిల్లుబట్టల పోటీచేత మూలబడిన మగ్గములును. కడుపు కాలినవానికి సముద్రయాన దోషము గుర్తు రాదు.

ఓడనెక్కుటకు ముందు ఒప్పందపత్రముపై కూలివాడు గీటు గీయుచుండెను. ఆ కాగితమునందేమి యున్నదో వానికి తెలియదు. మొదటి ఒప్పందములలో ఐదేండ్ల పని, మగవానికి నెలకు ఐదు రూపాయల జీతము, బియ్యము, పప్పు, ఉప్పు, బట్ట అని యుండెను. వినుటకు బాగుగనే యున్నది. కాని ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోయుదురు. దీనికి జంటకోత యని చెప్పదగును. జ్వరము వచ్చినను కోతయే. నెలాఖరున లెక్క చూచుసరికి చేతికి వచ్చునది స్వల్పము. లెక్క తప్పని చెప్పుటకు కూలివానికి లెక్క రాదు. చదివి చూచుకొనుటకు అక్షరము రాదు. గొలుసు లేకపోయినను కాగితము గొలుసు పని చేసినది.

ఒప్పందము తీఱినవానికైనను స్వేచ్ఛ లేకుండెను. 1867 నాటి చట్టముచేత పాత కూలీలు తమ ఛాయాపటమంటించిన రహదారి చీటిని ఎల్లవేళల దగ్గఱ నుంచుకొనవలెను. ఇల్లు విడిచి పోవునప్పుడు చీటి మఱచినవానిని పోలీసులు దిమ్మరియని పట్టి నిర్బంధించుచుండిరి. ఆ కాలముననే మలేరియా జ్వరము దీవిలో వ్యాపించి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అట్టి దినములలో అడోల్ఫు ద ప్లెవిట్సు అను నొక ఐరోపీయుడు కూలీల పక్షము వహించి, 1871లో 9,401 మంది పేర గవర్నరునకు విజ్ఞాపనపత్రము సమర్పించెను. తోటల యజమానులు అతనిపై మండిపడిరి. అయినను 1872లో రాజనియుక్త విచారణసంఘము వచ్చెను. దాని నివేదిక వెలువడిన తరువాత నిర్బంధములు కొన్ని సడలినవి. తన మొఱ కాగితముపై కెక్కినంతనే కూలివాని మాటకు విలువ వచ్చినది. ఏ కాగితము కట్టివైచెనో ఆ కాగితమే విప్పుటకును మొదలుపెట్టెను.

1880 తరువాత ఐరోపాలో బీటుదుంప పంచదార పెరిగి, చెఱకు పంచదార ధర పడిపోయెను. అప్పుల పాలైన యజమానులు పెద్ద తోటలను చిన్న తునకలు చేసి అమ్మసాగిరి. పొదుపుచేసిన కూలీలు సుళువైన వాయిదాలమీద ఆ తునకలను కొని రైతులైరి. నాసిరకపు నేలయైనను తమదైన నేల! 1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీగారు కొన్ని దినములు మారిషసులో నిలిచిరి. పిల్లలను చదివింపుడు, ప్రజావిషయములలో పాల్గొనుడు అని అక్కడి భారతీయులకు వారు హితవు చెప్పిరి. వారి ప్రేరణచేత 1907లో న్యాయవాది మణిలాల్ డాక్టరు వచ్చి, కూలీల పక్షమున వ్యాజ్యములు నడపి, పత్రిక స్థాపించెను. 1910తో ఒప్పందపు కూలీల దిగుమతి నిలిచిపోయెను.

ఈ నూఱేండ్లును తెలుగువారు తమ భాషను దేనితో కాపాడుకొనిరి? గ్రంథములు లేవు, పండితులు లేరు. రామభజనములు కలవు, సింహాద్రి అప్పన్న పూజ కలదు, అమ్మోరు పండుగ కలదు, ఉగాది కలదు. పాటలో నిలిచిన తెలుగే అక్కడ నిలిచినది. పొలములోను వీధిలోను ఫ్రెంచినుండి పుట్టిన క్రియోలు భాష నడచుచుండగా, భజనమందిరమే తెలుగునకు పాఠశాల యైనది. పగలు చెఱకు కొట్టి సాయంకాలమున దీపపు వెలుతురున ఓనమాలు దిద్దినవారిని తలచినప్పుడు, సకల సౌకర్యములును గలిగియు అక్షరమును అశ్రద్ధచేయు మనకు సిగ్గు కలుగవలదా?

ఆ ఓనమాలకు ఎట్టి ఫలము కలిగెనో చదువరులు గమనింతురు గాక. 1937లో చెఱకు ధర తగ్గించినందుకు తిరుగబడిన చెఱకు రైతులపైని, 1943 సెప్టెంబరున బెల్ వ్యూ హారెల్ తోటలో సమ్మెచేసిన కూలీలపైని తుపాకులు ప్రేలినవి. రెండవ సందర్భమున చనిపోయినవారిలో అంజలి కుప్పన్ అను గర్భవతి యుండెను. ఈ రక్తపాతము పిదప రాజ్యాంగమును సవరింపక తప్పలేదు. అంతవరకు ఆస్తియో హోదాయో గలవారికే వోటు. దీవి యంతటికిని వోటరులు సుమారు 12 వేలు. క్రొత్త రాజ్యాంగము ప్రకారము 1948 ఎన్నికలలో, దీవిలో వాడుకనున్న భాషలలో దేనియందైనను సులభవాక్యములు చదివి వ్రాయగల స్త్రీపురుషులకు వోటు లభించెను. ఆ భాషలలో తెలుగొకటి!

వోటరుల సంఖ్య ఒక్కసారిగా 70 వేలు దాటెను. పండిత బాసుదేవ్ బిసున్‌దయాల్ గారి ఉద్యమమునకు చేరిన స్వచ్ఛంద సేవకులు పల్లెలు తిరిగి, వయోజనులకు చదువను వ్రాయను నేర్పిరి. ఏ తాత ఒప్పందముపై గీటు గీసెనో వాని మనుమరాలు తెలుగున పేరు వ్రాసి, ప్రతినిధిని ఎన్నుకొనుటకు అధికారమును పొందినది. అక్షరము జ్ఞానమునకు ద్వారమని మనము పాఠశాలలలో చెప్పుచుందుము. అక్కడ అది పౌరత్వమునకే ద్వారమైనది. 1959లో వయోజనులందఱికిని వోటు వచ్చెను. 1968 మార్చి 12న దీవి స్వతంత్రమయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చునాటికి ఎగుమతులలో నూటికి తొంబదివంతులు పంచదారయే. 1960లో కారోల్ అను తుపాను పైరును ధ్వంసము చేసినప్పుడు, ఒక్క పైరును నమ్ముట యెంతటి అపాయమో అందఱకును తెలిసెను. జేమ్సు మీడ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు దీవి భవిష్యత్తును గూర్చి నిరాశగా వ్రాసెను. ఆయన భయము నిజము కాలేదు. 1970లో ఎగుమతి పరిశ్రమలకు ప్రత్యేక చట్టము చేసిరి. బట్టల మిల్లులు వెలసినవి. వేలకొలది స్త్రీలు వానిలో జీతములు సంపాదించిరి. 1975 ఒడంబడికవలన ఐరోపా రాజ్యములు ఏటికి సుమారు ఐదు లక్షల టన్నుల పంచదారను నిశ్చితమైన మంచి ధరకు కొనసాగినవి. ఆ ధనములో కొంత విద్యకు మళ్లినది. 1977నుండి మాధ్యమిక విద్యయు ఉచితమయ్యెను. తరువాత యాత్రికుల రాకయు బ్యాంకు వ్యాపారమును వృద్ధినొందినవి. 2009లో ఐరోపావారి పంచదార ఒడంబడిక ముగిసినను దీవి కూలిపోలేదు. ఒకప్పుడు వందలకొలదిగా నున్న చెఱకు మిల్లులు నేడు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. 2020లో నొక ఓడ పగడపు దిబ్బలకు కొట్టుకొని నూనె సముద్రముపాలైనప్పుడు, ప్రజలు చెఱకు ఆకును గోనెలలో కూర్చి అడ్డుకట్టలు కట్టి ఆ నూనెను అడ్డగించిరి. నాడు తాతలను బంధించిన చెఱకు నేడు మనుమల తీరమునకు కాపుగా నిలిచినది.

తెలుగు పరిస్థితి యేమి? ఉగాది అక్కడ సర్వజనులకును సెలవుదినము. ప్రాథమిక పాఠశాలలలో తెలుగు నేర్పుచున్నారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నతవిద్య గలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. ఇండ్లలో మాటలాడు భాష మాత్రము చాలమందికి క్రియోలే. తెలుగు అక్కడ తల్లిభాషగా కంటె తాతలనాటి ఆస్తిగా నిలిచియున్నది. మహాసభలలో ఉపన్యసించి తిరిగివచ్చుటకంటె, అక్కడి బాలురకు తగిన మంచి వాచకములను పంపుట మన కర్తవ్యమని మా యభిప్రాయము.

దీవి కథ యిట్లుండగా మన నేల సంగతి చూతము. మా నారాయణఖేడు 1956వఱకు బీదరు జిల్లాలో నుండి, పిదప మెదకులోను, 2016నుండి సంగారెడ్డి జిల్లాలోను చేరినది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు ఒక్క సంతలో వినవచ్చు చోటు. సముద్రము వందలమైళ్ల దూరము. అయినను ఏటేట దీపావళి ప్రాంతమున తండాలనుండి కుటుంబములు చెఱకు కొట్టుటకు పొరుగు ప్రాంతములకును కర్ణాటక, మహారాష్ట్రములకును తరలిపోవుచుండును. వానకాలమున చేబదులుగా సొమ్ము తీసికొందురు. కొట్టిన టన్నుల లెక్కన ఆ యప్పు తీర్చుకొందురు. భార్యాభర్తలు జంటగా పనిచేయవలెను గావున పిల్లలును వెంటనే పోవుదురు. బడిలో పేరుండును, బిడ్డ యుండడు.

వీరి స్థితి నాటి కోరంగీల స్థితియే యని మేము చెప్పము. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము 1976లోను, బాలల విద్యాహక్కు చట్టము 2009లోను వచ్చినవి. ఓడ లేదు, రహదారి చీటి లేదు. కాని కొట్టిన చెఱకు రెండు దినములు నిలువదను ప్రకృతిధర్మము మాఱలేదు. ముందు సొమ్మిచ్చి చేతులను కట్టివేయు పద్ధతి మాఱలేదు. తూకపు లెక్కను చదువలేని కూలివాడు మోసపోవుటయు మాఱలేదు. మారిషసు కూలీల మనుమలను రైతులుగా, ఉపాధ్యాయులుగా, మంత్రులుగా చేసినది కేవలము కాలము కాదు. సొంత చెక్క నేలయు, సాయంకాలపు బడియు, వోటు హక్కును గలసి ఆ పని చేసినవి. ఆ మూడింటిలో వోటు మన కూలివానికి ఇదివరకే యున్నది. నేల విషయము ప్రభుత్వముల చేతిలో నున్నది. బడి విషయము మాత్రము మనబోటి గృహస్థుల చేతిలోను కొంత కలదు.

తల్లిదండ్రులు పొరుగు పొలములకు పోయిన ఐదాఱు నెలలును బిడ్డలు ఊరనే యుండి చదువుకొనుటకు తగిన వసతియు భోజనమును ప్రతి తండాకు చేరువలో ఏర్పడవలెను. ప్రభుత్వము కొంత చేయును. మిగిలినది ఊరివారు పూనుకొనవలెను. దీనికి మహాధనము అక్కఱలేదు. ముసలి అవ్వయొకతె వంటచేయుటకును, చదువుకొన్న యువకుడొకడు రాత్రివేళ పాఠము చెప్పుటకును దొరకిన చాలును. ఉదయము టీలో చక్కెర కలుపుకొను ప్రతి గృహమును ఈ ఋణములో భాగము కలదే. తోట యజమాని యొకడే దీనిని తీర్చవలసినవాడు కాడు. ఈ యేడు దీపావళికి ముందే, తమ యూరినుండి చెఱకు కొట్టుటకు పోవు కుటుంబము లెన్నియో, వానిలో బడియీడు పిల్లలెందఱో మా చదువరులు లెక్కవేయుదురు గాక. ఆ లెక్క తేలినచో తక్కిన పని యెక్కడ మొదలుపెట్టవలెనో వారికే తోచును.